సైకిలు మీద మనమా, మన మీద సైకిలా?

ధ్యాన భాగములు: ఆదికాండము 25:27-34, మార్కు 2:23-28, 1 కొరింథీయులకు 6:12



పల్లెలను విడిచి ఉద్యోగములకై హైదరాబాదు వెళ్లిన బిడ్డలను గూర్చి తలిదండ్రులకు పలు చింతలు కలవు. త్రాగుడు, పేకాట, చెడు స్నేహములు అనునవి పాత చింతలు. ఇటీవల వీటి ప్రక్కన ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. "మావాడికి ఏ దురలవాటును లేదు. కాని సైకిలు పిచ్చి పట్టినది. మోటారు బండి కొనవలసిన డబ్బుతో సైకిలు కొన్నాడు. తెల్లవారక మునుపే లేచి నూరేసి కిలోమీటర్లు త్రొక్కి వచ్చుచున్నాడు. ఇది ఆరోగ్యమా, వ్యసనమా?" అని తల్లి అడుగును. విన్నవారు నవ్వుదురు. సైకిలు త్రొక్కుట గూడ ఒక వ్యసనమగునా అందురు.

ఇది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. చెడ్డదానికి బానిసయైనవానిని లోకమంతయు గుర్తుపట్టును. మంచిదానికి బానిసయైనవానిని గుర్తుపట్టుట కష్టము. త్రాగుబోతును ఇరుగుపొరుగువారు గద్దింతురు. సైకిలు సవారీకి లోబడిపోయినవాని మెడలో పతకము వేసి చప్పట్లు కొట్టుదురు. గద్దించువారు లేనిచోట మనిషి తన్ను తానే పరీక్షించుకొనవలెను. ఆ పరీక్షను ఏ కొలతతో చేయవలెనో ఈ నెల కలిసి ఆలోచింతము.

పాతబస్తీ వీధిలో

హైదరాబాదు పాతబస్తీ నడుమ 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు నిలిచియున్నది. పగటివేళ అక్కడ కాలు పెట్టుటకు చోటుండదు. తెల్లవారుజామున మాత్రము వీధులు ఖాళీగా నుండును. సెలవు దినముల ఉదయములందు నగరపు క్రొత్త పేటలనుండి సైకిలు బృందములు నయాపూలు దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినారు వద్దకు వచ్చి, చాయ్ త్రాగి, ఫోటోలు తీసికొని మరలిపోవుట కద్దు. తలలకు హెల్మెట్లు, చేతులకు తొడుగులు, ఒంటికి బిగుతైన రంగుల దుస్తులు. వారి సైకిళ్లలో కొన్ని లక్ష రూపాయలకు మించిన వెల గలవి.

అదే వీధిలో, అదే వేళ, మరికొన్ని సైకిళ్లును తిరుగుచుండును. ఒకని క్యారియరుకు పాలక్యానులు, మరియొకని క్యారియరుకు రొట్టెల పెట్టె. ఒకప్పుడు ఈ వీధులలో సైకిలు రిక్షాలు విస్తారముగా తిరిగెడివి; ఘోషా స్త్రీల కొరకు తెర కట్టిన రిక్షాలును ఉండెడివి. ఆటోలు పెరిగిన కొలది అవి తగ్గిపోయినవి. ఆ రిక్షావాడు ఎండలోను వానలోను ప్రొద్దుననుండి రాత్రివరకు త్రొక్కెను. అతనికి సైకిలు వ్యసనమని ఎవరైనను అనిరా? అనలేదు. పిల్లల ఆకలి అతనిచేత త్రొక్కించెను.

మన పల్లెలలోని పెద్దలకు మరియొక దృశ్యము జ్ఞాపకముండును. ఊరి నడుమ గుంజలు పాతి, రంగు కాగితములు కట్టి, ఒకడు సైకిలుమీద రాత్రింబవళ్లు గుండ్రముగా తిరిగెడివాడు. నేల మీద కాలు మోపకుండ ఇన్ని దినములు త్రొక్కెదనని పందెము. సైకిలుమీదనే తినుట, సైకిలుమీదనే స్నానము చేయుట. రాత్రి దీపపు వెలుగులో పాటలు, విన్యాసములు. గడువు తీరిన దినమున ఊరివారు అతని మెడలో నోట్ల దండ వేసిరి. అతడు దిగి, ఆ డబ్బు మూటకట్టుకొని, పెట్టె సర్దుకొని వేరొక ఊరికి పోయెను. అన్ని దినములు దిగనివాడు పని తీరగానే దిగెను. ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు అను లెక్క ఒక్కటే వ్యసనమును పట్టియియ్యదని దీనివలన తెలియుచున్నది.

షౌక్ అను మాట, లత్ అను మాట

పాతబస్తీవారి ఉర్దూలో ఈ సంగతికి చక్కని మాటలు కలవు. మనసుకు నచ్చి ప్రేమతో చేయుదానిని షౌక్ అందురు. దినదినము చేయగా కుదిరిన దానిని ఆదత్ అందురు. చెరుపు తెచ్చుచున్నను వదలుకొనలేని దానిని లత్ అందురు. అక్కడి మేడలమీద పావురములు పెంచి ఎగురవేయు షౌక్ కలదు. సంక్రాంతి దినములలో గాలిపటముల షౌక్ కలదు. బార్కాసు పేటలో కుస్తీ షౌక్ కలదు. పావురముల షౌక్ గలవాడు ప్రొద్దున లేచి గింజలు వేసి, అవి ఆకాశమందు తిరుగుట చూచి సంతోషించి, తన అంగడికి పోవును. అదే మనిషి అంగడి తెరువక, బిడ్డల బడి ఫీజు డబ్బు పావురములమీద పెట్టినయెడల అతనిది లత్ అయినదని చెప్పుకొందురు. పావురము మారలేదు, మేడయు మారలేదు. ఆ మనిషికిని అతని పావురములకును నడుమ ఎవరు యజమానుడు అనునది మారినది.

మన తెలుగులోను ఇష్టము, అలవాటు, వ్యసనము అని వేరువేరు మాటలు కలవు. మన పూర్వులు రాజులకు తగని సప్తవ్యసనములను లెక్కించినప్పుడు మద్యము, జూదములతో పాటు వేటను గూడ చేర్చిరి. ఇది గమనింపదగిన సంగతి. వేటవలన దేహము గట్టిపడును, ధైర్యము కలుగును, గుర్రపుస్వారి అలవడును; ఇవన్నియు రాజునకు కావలసినవే. అయినను ప్రజల మొర వినక అడవిలో తిరుగు రాజు రాజ్యమును పోగొట్టుకొనును. దేహమునకు మేలు చేయునది వ్యసనము కానేరదను తలంపు సరియైనది కాదని వారు ఎన్నడో గ్రహించిరి.

ఆదికాండములోని ఏశావు వేటయందు నేర్పరి. వేటాడుట అతని పాపమని అక్కడ వ్రాయబడలేదు. కాని ఒకనాడు అతడు పొలమునుండి మిక్కిలి అలసి వచ్చి, ఆ అలసటలో, ఒక పూట కూటి కొరకు తన జ్యేష్ఠత్వమును తమ్మునికి అమ్మివేసెను. అలసిన దేహమునకు ఏది గొప్పదో ఏది అల్పమైనదో కనబడలేదు. తమకు ప్రియమైన పనికి తమ బలమంతయు ఇచ్చివేసి, ఇంటివారికి నిద్రను విసుగును మాత్రమే మిగుల్చువారు ఈ కథను మరల చదువవలెను.

మేలును మొదట ఒప్పుకొందము

కీడును గూర్చి చెప్పబోవు ముందు మేలును ఒప్పుకొనుట న్యాయము. 1817లో జర్మనీ దేశమందు డ్రెయిస్ అను నతడు పెడళ్లు లేని రెండు చక్రముల కొయ్య బండిని చేసి కాళ్లతో నేలను తన్నుచు నడిపెను. 1885లో ఇంగ్లాండులో స్టార్లీ అను నతడు చైనుతో నడచు నేటి తీరు సైకిలును తెచ్చెను. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి టైరును చేసెను. ఈ మూటివలన గుర్రము కొనలేని పేదవాడు తన కాళ్ల బలముతోనే దూరము పోగలిగెను. డోర్నకలు బిషప్పుగా 1912 మొదలు 1945 వరకు పనిచేసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను గ్రామములు తిరిగిరి. వారి తరువాతను ఎందరో ఉపదేశులు, బడిపంతుళ్లు, టపావారు ఈ వాహనము మీదనే పల్లెలకు వచ్చిరి.

పొరుగు రాష్ట్రమైన తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల ఆరంభమున చదువు నేర్పు ఉద్యమముతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పుట జరిగెను. వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలెక్కిరి. నీళ్ల బిందెలు, కూరగాయలు, పిల్లలు, అన్నియు ఆ సైకిళ్లమీదనే. బస్సు కొరకును భర్త కొరకును కాచుకొనియుండు అవసరము తగ్గెను. మొదట వారిని చూచి ఎగతాళి చేసినవారు లేకపోలేదు. ఆసక్తి గలవారినందరిని పిచ్చివారని కొట్టివేయుట ఎంత అన్యాయమో దీనివలన నేర్చుకొనవలెను. కూతురు సైకిలు నేర్చుకొనగోరినప్పుడు "ఇదేమి పిచ్చి" అను తండ్రి వ్యసనమును గద్దించుట లేదు. బిడ్డ కాళ్లకు సంకెల వేయుచున్నాడు.

దేహారోగ్యము సంగతి చెప్పనక్కర లేదు. పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ చేయుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా యిచ్చెను. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు సైకిలు త్రొక్కినను ఆ లెక్క సరిపోవును. కూర్చుండి పనిచేయు ఉద్యోగములవలన చక్కెర వ్యాధి, రక్తపోటు పెరుగుచున్న ఈ కాలములో పట్టణపు బిడ్డలు సైకిలెక్కుట మెచ్చుకొనదగినది. హైదరాబాదు పడమట బయటి వలయ రహదారి ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సూర్యకాంతితో విద్యుత్తు చేయు పలకల నీడతో, 2023 అక్టోబరు 1న తెరచిరి. పాతబస్తీ ఇరుకు సందులలో పాలు మోయువానికి అట్టి నీడ లేదు. దానిని అసూయతో చెప్పుట లేదు. శ్రమను వినోదముగా ఎంచుకొనగలుగుట గూడ ఒక భాగ్యమని, ఆ భాగ్యము గలవారు దానిని మరువరాదని చెప్పుచున్నాము.

దేహ సాధనవలన ప్రయోజనము కలదనియు, ఆ ప్రయోజనమునకు ఒక మేర కలదనియు పౌలు తిమోతికి వ్రాసెను. ఆ మేర ఎక్కడ అన్నదే మన ప్రశ్న.

మేర దాటినచోట

దూరపు సవారీలు చేయువారికి లోకమంతట కొన్ని నియమములు కలవు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటలలో, 300 ఇరువది గంటలలో, 400 ఇరువదియేడు గంటలలో, 600 నలువది గంటలలో ముగింపవలెను. ఫ్రాన్సు దేశములో 1891లో ఆరంభమైన పారిస్ నుండి బ్రెస్టు వరకు పోయి మరల పారిస్ చేరు సవారీ దాదాపు 1200 కిలోమీటర్లు. దానిని 90 గంటలలో ముగింపవలెను. నాలుగేండ్లకొకమారు జరుగు ఆ సవారీ 2023 ఆగస్టులోను జరిగినది. హైదరాబాదులోను ఈ నియమములతో సవారీలు నడుపు బృందము కలదు. ఇందులో మొదటివాడు రెండవవాడు అను బహుమతి లేదు. గడువులోగా చేరినవారందరును సమానులే. ఇట్టి సవారీకి సిద్ధపడువాడు త్రాగుడు మానును, వేళకు నిద్రించును, ఓర్పు నేర్చుకొనును. ఇదంతయు మంచిదే.

అయితే ఒక మెట్టు ఎక్కినవానికి పై మెట్టు కనబడును. ఇన్నూరు చేసినవానికి మున్నూరు, మున్నూరు చేసినవానికి ఆరునూరు. నిన్న తృప్తినిచ్చినది నేడు చాలదు. ఇంగ్లాండులో టామీ గాడ్విన్ అను నతడు 1939 జనవరి మొదటి తేదీన సైకిలెక్కి, ఆ ఒక్క సంవత్సరములో 75,065 మైళ్లు త్రొక్కెను. దినమునకు సగటున 330 కిలోమీటర్లు. అనగా దినదినమును హైదరాబాదునుండి విజయవాడ దాటి పోవునంత దూరము. సంవత్సరము ముగిసినను అతడు నిలువక 1940 మే నెలలో లక్ష మైళ్లు పూర్తిచేసెను. అటు తరువాత సైన్యములో చేరుటకు మునుపు అతడు సరిగా నడచుటను కొన్ని వారములు మరల నేర్చుకొనవలసి వచ్చెనని చెప్పుదురు. అతని ఓర్పును చూచి ఆశ్చర్యపడవలసినదే. అతడు బానిస అని తీర్పు తీర్చుట మన పని కాదు. కాని నడచుటకు ఇయ్యబడిన కాళ్లు నడక మరచినవను మాట మనలను ఆలోచింపజేయవలెను.

టామ్ సింప్సన్ కథ ఇంతకంటె దుఃఖకరమైనది. 1967 జూలై 13న, ఫ్రాన్సు దేశపు పోటీలో, మండుటెండలో వాంటూ కొండ ఎక్కుచు అతడు పడిపోయి మరణించెను. వయస్సు 29 ఏండ్లు. ఉత్తేజము కలిగించు మందులును మద్యమును అతని దేహములో కనబడెను. అలసట అనునది దేహము పలుకు మాట. చాలును, దిగుమని అది చెప్పును. ఆ మాట వినబడకుండ మందుతో దాని నోరు మూసినప్పుడు ఏమగునో ఆ కొండ చూపినది.

వైద్యులును ఈ సంగతిని పరిశోధించిరి. 1970లో అమెరికాలో బేక్‌లాండ్ అను వైద్యుడు వ్యాయామము మానినవారికి నిద్ర ఎట్లుండునో చూడగోరెను. వారమునకు అయిదారు దినములు వ్యాయామము చేయువారిని కొన్నాళ్లు మానుమని, అందుకు డబ్బు ఇచ్చెదనని అడుగగా వారు ఒప్పుకొనలేదు. తక్కువ దినములు చేయువారినే అతడు తీసికొనవలసి వచ్చెను. డబ్బు ఇచ్చినను మానలేనిది ఏదో అచట ఉన్నదని అప్పుడు తెలిసెను. 2004లో ఇంగ్లాండు పండితులు వ్యాయామ వ్యసనమును కనుగొనుటకు ఆరు గుర్తులు చెప్పిరి: జీవితములో అన్నిటికంటె అదియే ముఖ్యమగుట, మనోవేదనకు అదే మందగుట, మోతాదు పెరుగుచు పోవుట, మానిన దినమున చిరాకు, ఇంటివారితో తగవు, తగ్గించుకొన్నను మరల పాత స్థితికి జారుట. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికలో జూదపు వ్యసనమును, కంప్యూటరు ఆటల వ్యసనమును చేర్చిరి గాని వ్యాయామమును ప్రత్యేక వ్యసనముగా చేర్చలేదు. కాబట్టి ఎవరినైనను చూచి తొందరపడి రోగి అని పేరు పెట్టరాదు.

ఒక చిక్కు

ఇక్కడ ఆలోచనపరుడు ఒక అడ్డంకి చెప్పవచ్చును. "మానిన దినమున మనసుకు వెలితి కలుగుట వ్యసనమునకు గుర్తు అయినయెడల, ప్రార్థన మానిన దినమున భక్తునికి కలుగు వెలితిని ఏమందుము? దానియేలు దినమునకు ముమ్మారు ప్రార్థించెను. రాజాజ్ఞ వచ్చినను, సింహముల గుహ ఎదుట ఉన్నను మానలేదు. ఆరు గుర్తులలో కొన్ని అతనియందును కనబడును గదా? బిడ్డను విడిచి ఒక్క దినము ఉండలేని తల్లిది గూడ వ్యసనమేనా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు చెప్పనిచో మన కొలత పనికిరాదు. వెలితి ఒక్కటే గుర్తు కాదని ముందుగా ఒప్పుకొనవలెను. దేనిని ప్రేమించినను, అది లేనప్పుడు వెలితి ఉండును. ఆ ప్రేమ మనిషిని ఇతరుల యెడల ఎట్టివానిగా చేయుచున్నదో చూడవలెను. దానియేలు ప్రార్థించి రాజు పనిని నిర్లక్ష్యము చేయలేదు. అతని శత్రువులు వెదకినను ఆ పనిలో అతనియందు తప్పు దొరకలేదు. తల్లి ప్రేమ తల్లిని బిడ్డవైపు త్రిప్పును, తన ఆకలిని మరపించును. వ్యసనమైతే మనిషిని తనవైపే త్రిప్పుకొని, ఇతరుల ఆకలిని మరపించును. బయట చూచుటకు రెండును పట్టుదలవలెనే కనబడును. లోపల ఒకటి హృదయమును వెడల్పు చేయును, రెండవది ఇరుకు చేయును.

విశ్రాంతిదినపు కొలత

పరిసయ్యులు విశ్రాంతిదినమును ఎంతో ఆసక్తితో ఆచరించిరి. అంతకంటె మంచి ఆచారమేది? ఆకలిగొన్న శిష్యులు వెన్నులు త్రుంచినప్పుడు ఆ మంచి ఆచారమే వారి చేతిలో కొరడా అయినది. ఆ దినము మనుష్యుని మేలుకొరకు ఏర్పడినదేగాని, మనుష్యుడు దానికి సేవచేయుటకు పుట్టలేదని ప్రభువు వారికి బోధించెను. అంత పరిశుద్ధమైన దినమును గూర్చియే ఆ మాట నిజమైనయెడల, రెండు చక్రముల బండిని గూర్చి ఇంకెంత నిజము!

పౌలును కొరింథీ సంఘమునకు ఇట్టి కొలతనే ఇచ్చెను. తనకు అనుమతి గలవాటిలోను దేనినీ తన మీద అధికారము చేయనియ్యనని అతని భావము. నిషేధింపబడినవాటిని గూర్చి అతడు అక్కడ చెప్పుట లేదు; చేయుటకు స్వాతంత్ర్యము గలవాటిని గూర్చియే చెప్పుచున్నాడు. మంచిదానియెదుట గూడ మనిషి స్వతంత్రుడుగా నుండవలెను.

ఈ కొలతనుబట్టి సైకిలు ప్రియుడు తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవచ్చును.

మొదటిది: నేను దిగగలనా? ఎక్కుట బలము, దిగుట స్వాతంత్ర్యము. మోకాలు వాచినప్పుడు, జ్వరము వచ్చినప్పుడు, వైద్యుడు వద్దన్నప్పుడు దిగగలిగినవాడు భయపడనక్కరలేదు. విశ్రాంతిని ఆజ్ఞగా ఇచ్చుటలో ఒక మర్మము కలదు. వారమునకు ఒక దినము పనిని నిలుపగలవాడు తాను పనికి యజమానుడనని రుజువు చేసికొనును. నిలుపలేనివాడు పనియే తన యజమానుడని ఒప్పుకొనుచున్నాడు. కావున ఒక నెలలో ఒక వారము సైకిలును గోడకు ఆనించి చూడుడి. చిరాకు కలిగినను, ఆ చిరాకును భరించి నవ్వగలిగితిరా? అయితే మీది షౌక్. సైకిలు తాళము మరల మీ చేతిలోనికి తనంతట తానే వచ్చినదా? అయితే జాగ్రత్తపడుడి.

రెండవది: నా సవారీ ఖర్చును ఎవరు చెల్లించుచున్నారు? డబ్బు ఖర్చు మాత్రమే కాదు. తండ్రి సవారీలో నున్న అయిదు గంటలు పిల్లలను ఒంటరిగా చూచుకొను భార్య చెల్లించుచున్నదా? పల్లెనుండి కుమారుని చూడవచ్చి, ఉదయమంతయు తలుపువైపు చూచుచు కూర్చున్న ముసలి తల్లి చెల్లించుచున్నదా? తాను చెల్లించి తాను అనుభవించు సంతోషము ఒకటి. ఇతరులచేత చెల్లింపజేసి తాను అనుభవించు సంతోషము మరియొకటి. ఆదివారము సవారీ ముగించి వేళకు ఆరాధనకు చేరి, మధ్యాహ్నము ఇంటివారితో కూర్చుండి భోజనముచేయువాని సైకిలును మేము ఆశీర్వదించెదము.

మూడవది: నేను దేనికొరకు ఎక్కుచున్నాను, దేనినుండి పారిపోవుచున్నాను? శ్రమ చేసినప్పుడు నొప్పిని తగ్గించి మనస్సును తేలికపరచు పదార్థములు దేహములోనే పుట్టును. అది దేవుని ఏర్పాటే. దుఃఖములో నున్నవాడు గంటసేపు గాలిలో తిరిగి తేలికపడి వచ్చుట తప్పు కాదు. ప్రభువును అలసిన తన శిష్యులను ఏకాంతముగా కొంచెము విశ్రమింప రమ్మనెను. కాని జనసమూహము కాపరి లేని గొఱ్ఱెలవలె ఎదుటికి వచ్చినప్పుడు వారిమీద కనికరపడి మరల వారి పనిలో ప్రవేశించెను. తిరిగి వచ్చుట గల ఏకాంతము విశ్రాంతి. అప్పు, తగవు, మరణదుఃఖము, ఉద్యోగ భయము ఇంట కూర్చుండగా, వాటి ముఖము చూడలేక దినదినము ఎక్కువ దూరము పోవువానికి నూరు కిలోమీటర్లు పోయినను ఆ దుఃఖము ముందుగానే ఇల్లు చేరి కాచుకొని యుండును.

ఇంటివారికి ఒక మాట

తలిదండ్రులారా, బిడ్డ సైకిలు పిచ్చిని చూచి వెంటనే కేకలు వేయకుడి. సైకిలు వెల విని గుండె బాదుకొనకుడి. ఒక పెండ్లిలో ఒక పూట పందిటికిని బ్యాండుమేళమునకును మనము పెట్టు ఖర్చును జ్ఞాపకము చేసికొనుడి. అతని సవారీని గూర్చి ఆసక్తితో అడుగుడి. ఎక్కడికి పోతివి నాయనా, ఏమి చూచితివి, తోడెవరు అని అడుగుడి. చెప్పునప్పుడు అతని ముఖము వెలిగినయెడల, చెప్పి ముగించి "అమ్మా, నీ మోకాలి నొప్పి ఎట్లున్నది?" అని అడిగినయెడల, మీ బిడ్డ క్షేమముగా నున్నాడు. కిలోమీటర్ల లెక్క తప్ప వేరుమాట అతని నోట రానియెడల, ఇంటివారి మాట అతనికి అడ్డుగా తోచినయెడల, అప్పుడును సైకిలును దాచిపెట్టకుడి. దాచినందువలన వ్యసనము పోదు. వేరొక దానిమీదికి ఎక్కును. ఏ వెలితిని అతడు చక్రముల వేగముతో నింపజూచుచున్నాడో ప్రేమతో కనుగొనుడి. అవసరమైనచో వైద్యుని సలహా తీసికొనుటకు సిగ్గుపడకుడి.

పల్లెలోనున్న మనకు ఈ ధ్యానముతో పని లేదనుకొనరాదు. లక్ష రూపాయల సైకిలు మన ఇంట లేకపోవచ్చును. అయినను మంచి పేరుగల యజమానులు మనకును కలరు. పొలము పని మంచిది; పొలమే లోకమై, భార్య జబ్బును గమనింపని రైతు కలడు. పొదుపు మంచిది, పొదుపే దేవుడై, ముసలి తండ్రికి మందు కొననివాడు కలడు. సంఘ సేవయు మంచిదే. ఒకమారు పెద్దరికపు పీఠమెక్కి, ఇరువది ఏండ్లయినను దిగుటకు కాళ్లు రానివారు మన సంఘములలో లేరా? వారికంటె సైకిలువాడు మేలు, సాయంత్రమునకైనను దిగును.

తేనె మంచిదే, దొరికినప్పుడు చాలినంత మట్టుకే తినుమని సామెతల గ్రంథము హెచ్చరించును. తేనెను విషమనలేదు, తినవద్దనలేదు. చాలును అని చెప్పగల నోరు మనకుండవలెనని దాని తాత్పర్యము.

మన తెలుగులో త్రొక్కుట అను మాటకు రెండర్థములు కలవు. సైకిలును త్రొక్కుదుము, కాళ్లక్రింద పడినదానిని గూడ త్రొక్కుదుము. సైకిలెక్కు ప్రతివాడును ఆ రెండింటిలో ఏది జరుగుచున్నదో అప్పుడప్పుడు చూచుకొనవలెను. త్రొక్కువాడు తానైనంత కాలము ఆ చక్రములు అతనికి ఆరోగ్యమును, స్నేహితులను, తెల్లవారు వెలుగును ఇచ్చును. అవి అతనినే త్రొక్కసాగినప్పుడు మొదట నలిగిపోవువారు ఇంటిలోని చిన్నవారును ముసలివారును.

ఎక్కుటకు బలమును, దిగుటకు స్వాతంత్ర్యమును, మన కొరకు కాచుకొనియున్నవారి యొద్దకు వేళకు తిరిగి వచ్చు మనసును ప్రభువు మన బిడ్డలకును మనకును దయచేయును గాక.